ఇంటికొచ్చిన ఆఫీసు, వెంటొచ్చిన గడియారం

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం తొమ్మిదైతే చిలకలూరిపేటలో వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. న్యూయార్క్ టీమ్ ఆఫీసుకు రాగానే పెట్టుకునే స్టాండప్ కాల్ ఒంగోలులో దీపాలు పెట్టాక ఆరున్నరకో ఏడున్నరకో పడుతుంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల ఊళ్లలో ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేయడం కరోనా తర్వాత వింత కాకుండా పోయింది. పత్తి చేలూ మిర్చి కళ్లాలూ ఉన్న ఊళ్లోనే ఉంటూ అమెరికా బ్యాంకులకు కోడ్ రాస్తున్నారు, ఇన్సూరెన్స్ క్లెయిములు చూస్తున్నారు. హైదరాబాద్ అద్దె తప్పింది. క్యాబ్ ప్రయాణం తప్పింది. రాత్రి కాల్ మాత్రం తప్పలేదు.

తప్పించే దారి ఉంది. అయితే అది మంచి నెట్ కనెక్షన్‌తోనో కొత్త కుర్చీతోనో దొరకదు. ఒకరు తాము చేసిన పనిని, తమకు వచ్చిన అనుమానాన్ని, తీసుకున్న నిర్ణయాన్ని పూర్తిగా రాసిపెట్టి పోతే, ఇంకొకరు తమ వేళకు వచ్చి చదువుకుని అక్కడి నుంచి అందుకుంటారు. ఇద్దరూ ఒకే సమయానికి తెర ముందు ఉండనక్కర్లేదు. దీన్నే అసింక్రనస్ వర్క్ అంటున్నారు. హెడ్డాఫీసు అనేదే లేకుండా వెయ్యి, రెండు వేల మందితో ఈ పద్ధతిలో నడుస్తున్న కంపెనీలు ఉన్నాయి. మన రాష్ట్రంలో ఇంటి నుంచి పని మీద జరిగిన చర్చ మాత్రం కేబుళ్ల చుట్టూ, గదుల చుట్టూ తిరిగింది. వేళల సంగతి, ఆ వేళల ముడి విప్పగల రాత సంగతి ఎవరూ పెద్దగా ఎత్తలేదు. అది ఎత్తనంతకాలం ఊళ్లో ఉద్యోగం అంటే ఊళ్లో నైట్ షిఫ్టు అనే అర్థమే ఉంటుంది.

ఇప్పటిదాకా జరిగింది చూద్దాం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్న మాట అప్పట్లో పల్లెల్లో గట్టిగానే వినిపించింది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక హైదరాబాద్, బెంగళూరు హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. పిల్లలు లాప్‌టాప్‌లతో ఊళ్లకు చేరారు. బీపీవో ఉద్యోగులను ఇంటి నుంచి పని చేయించాలంటే అంతకుముందు టెలికాం శాఖ నిబంధనలు అడ్డుపడేవి. 2020 నవంబరులో కేంద్రం వాటిని సడలించింది. 2021లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వర్క్ ఫ్రమ్ హోమ్ టౌన్ల ఆలోచన చేసింది. 2025 ఫిబ్రవరి 11న, విజ్ఞానరంగంలో మహిళలు, బాలికల అంతర్జాతీయ దినోత్సవం నాడు, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ముఖ్యంగా మహిళల కోసం ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తామన్నారు. నగరం, పట్టణం, మండలం స్థాయిలో ఐటీ పని స్థలాలు కట్టేవారికి కొత్త ఐటీ విధానంలో ప్రోత్సాహకాలు ఉంటాయని చెప్పారు.

ఇవన్నీ కావలసినవే. ఏ ప్రభుత్వం చేసినా మంచిదే. కానీ అన్నిటిలోనూ పని ఎక్కడ జరగాలన్నదే ప్రశ్న. ఎప్పుడు జరగాలన్నది కంపెనీకి వదిలేశారు. కంపెనీ దాన్ని క్లయింటుకు వదిలేసింది.

రాత్రి పని ఒంటికి ఏం చేస్తుందో తెలియని విషయమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో నైట్ షిఫ్టు పనిని క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉన్న వాటి జాబితాలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి ఆ మాట మీదే నిలబడింది. ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టు నుంచి పనివేళలు దాటాక ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కును చట్టంలో పెట్టాయి. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో అలాంటి ప్రైవేటు బిల్లునే పెట్టారు. అది చట్టం కాలేదు. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గమైతే 2025లో రోజువారీ పనివేళల గరిష్ఠ పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది.

వేళలు కలవకుండా దూరం నుంచి పని చేయడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1990ల చివర్లో, 2000ల మొదట్లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ ఒక ఊపు ఊపింది. అమెరికాలో డాక్టరు రోగిని చూసి, చెప్పాల్సింది మైకులో చెప్పి ఇంటికి వెళ్లేవాడు. ఆ ఆడియో ఇక్కడికి వచ్చేసరికి మనకు తెల్లవారేది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలితో పెడల్ తొక్కుతూ ఆడియోను ఆపుతూ నడుపుతూ టైప్ చేసేవాళ్లు. ఒకరు టైప్ చేసినదాన్ని ఇంకొకరు సరిచూసేవారు. డాక్టరు మర్నాడు ఆసుపత్రికి వచ్చేసరికి రికార్డు సిద్ధం. ఎవరూ ఎవరితో మాట్లాడింది లేదు. 2000ల మధ్యలో బైర్రాజు ఫౌండేషన్ గ్రామ్‌ఐటీ పేరుతో పశ్చిమ గోదావరి జిల్లా జల్లికాకినాడ లాంటి ఊళ్లలో పల్లె బీపీవోలు పెట్టినప్పుడు కూడా ఇదే నమ్మకం: కాగితం పని పగటిపూట ఊళ్లోనే అయిపోతుందని.

కానీ ఆ పనిలో ఒక లోపం ఉంది. ఫైలు ఒకవైపు నుంచే వచ్చేది. టైప్ చేసేవాళ్లకు ప్రశ్న అడిగే చోటు లేదు, పద్ధతి మార్చమని చెప్పే వీలు లేదు, జీతం లైన్ల లెక్కన. మాటను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఆ పని చాలామట్టుకు తప్పులు దిద్దే పనిగా కుంచించుకుపోయింది. పగటి పని దొరికినంత మాత్రాన మంచి ఉద్యోగం దొరికినట్టు కాదన్నది అక్కడే తేలింది. రాసింది రెండువైపులా పారాలి.

రెండువైపులా పారిన ఉదాహరణ ఐటీ కంపెనీల్లో కంటే ముందు పత్తి చేలో కనిపిస్తుంది. 2004 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కిసాన్ కాల్ సెంటర్లు మొదలుపెట్టింది. రైతు ఫోన్ చేస్తే అవతల వ్యవసాయ పట్టభద్రులు జవాబు చెబుతారు. అదే ఏడాది హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ పి. కృష్ణారెడ్డి ఆధ్వర్యంలో, మీడియా ల్యాబ్ ఏసియాతో కలిసి, ఈ-సాగు అనే ప్రాజెక్టు వరంగల్ జిల్లా ఊరుగొండ చుట్టుపక్కల ఊళ్లలో వెయ్యికి పైగా పత్తి చేలల్లో మొదలైంది. రెంటి లక్ష్యం ఒకటే, రైతుకు నిపుణుడి సలహా అందడం. దారులు మాత్రం వేరు.

ఫోన్‌లో రైతు ఆకు మీద మచ్చలున్నాయంటాడు. ఏ రంగు, ముదురాకు మీదా లేతాకు మీదా, అంచునా నడుమనా అని అవతలివాళ్లు అడుగుతారు. అడిగినదానికి రైతు చెప్పేది సగం అంచనా, అవతలివాళ్లు విన్నది ఇంకో సగం అంచనా. ఈ-సాగులో అలా కాదు. ఊళ్లోనే ఉండే, సాగు తెలిసిన, కాస్త చదువుకున్న కోఆర్డినేటర్ తన వంతు చేలన్నీ తిరిగేవాడు. చేను మొత్తానికి ఒకటి, మొక్కకు ఒకటి, తెగులు కనపడిన ఆకుకు దగ్గర నుంచి ఒకటి, ఇలా డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీసేవాడు. చేసిన పనులు, కొట్టిన మందులు ఫారంలో నింపేవాడు. అన్నీ సీడీలోకి ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవారు. అప్పటి పల్లె నెట్ కనెక్షన్ మీద అన్ని ఫొటోలు ఎక్కవు మరి. అక్కడ నిపుణుల ముందు ఆ చేను చరిత్ర మొత్తం తెర మీద ఉండేది: ఏ నేల, ఏ విత్తనం, ఎప్పుడు వేశారు, పోయినసారి ఏం చెప్పాం, రైతు అది చేశాడా లేదా. సలహా రాత చిన్నది కాబట్టి డయలప్ కనెక్షన్ మీదే ఊరికి దిగేది. కోఆర్డినేటర్ దాన్ని రైతుకు చేరవేసేవాడు. రైతు అడగకముందే, విత్తనం నుంచి పత్తి తీత దాకా, క్రమం తప్పకుండా.

నిపుణుడికీ రైతుకూ ముఖాముఖి లేదు. ఇద్దరి వేళలూ కలవలేదు. అయినా ఫోన్ కాల్ కంటే అక్కడ ఎక్కువ సమాచారం చేతులు మారింది. కారణం కెమెరా ఒక్కటే అనుకుంటే పొరపాటు. అసలు బలం ఆ చేను చరిత్రలో ఉంది. 1987-88లో తెల్లదోమ ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిని ఊడ్చేసి రైతుల ప్రాణాలు తీసినప్పుడు సలహా ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది పురుగుమందుల దుకాణదారులే. పోయిన వారం ఏం కొట్టాడో చూడకుండా మళ్లీ మందు మీద మందు కొట్టించారు. 2021-22లో కొత్త తామర పురుగు మిర్చి పూతను తినేసినప్పుడు ప్రతి రైతు చేతిలో కెమెరా ఫోన్ ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో ఎర్రబడ్డ పూల ఫొటోలు కుప్పలుగా పడ్డాయి. కానీ ఆ ఫొటో వెనక ఏ రకం వేశారు, ఎప్పుడు నాటారు, ఏం కొట్టారు అన్న ముక్క ఉండేది కాదు. ఇరవై ఏళ్ల కిందటి సీడీలో ఉన్నది ఈ ఫొటోలో లేదు. కంపెనీల్లో కూడా సరిగ్గా ఇక్కడే బండి ఆగుతోంది.

గుంటూరు రైతుకు కోల్డ్ స్టోరేజీ చేసిన మేలు ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. జనవరి నుంచి మే దాకా మిర్చి కాయలు మార్కెట్ యార్డుకు ముంచుకొస్తాయి. చల్లటి గదిలో దాచుకునే వీలుంటే వచ్చిన రోజే, వచ్చిన ధరకే తెగనమ్ముకునే అగత్యం తప్పుతుంది. కొనేవాడూ అమ్మేవాడూ ఒకే వారం ఎదురుపడాల్సిన పని ఉండదు. పనిలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య రాత చేసేది అదే. కాకపోతే తేమ ఉన్న టిక్కీని (మిర్చి బస్తాను) లోపల పెడితే బూజు పట్టే బయటికొస్తుంది. అరకొరగా రాసిన సందేశం గతీ అంతే.

యార్డు ఇంకో సంగతి కూడా చెబుతుంది. 2016 ఏప్రిల్ 14న కేంద్రం ఈ-నామ్ ప్రారంభించినప్పుడు, ఎక్కడి వ్యాపారి అయినా ఎక్కడి సరుకుకైనా ఆన్‌లైన్‌లో ధర వేయొచ్చని చెప్పారు. గుంటూరు మిర్చి యార్డు, దుగ్గిరాల పసుపు యార్డు అందులో చేరాయి. లాట్ నంబరు, ధర నమోదు ఆన్‌లైన్‌కు ఎక్కాయి. కాయను చూడటం మాత్రం ఇంకా చేతితోనే. కొనేవాడు టిక్కీ నుంచి గుప్పెడు తీసి, విరిచి, గింజ చప్పుడు వినీ, రంగు చూసీ, తాలు ఎంతుందో లెక్కేసీ ఫోన్‌లో ధర కొడతాడు. నాణ్యతను అంకెల్లో రాసి, ఆ అంకెను దూరాన ఉన్నవాడు నమ్మేలా చేసేదాకా తేజ రకం కాయను కాగితం చూసి కొనరు. రాత చాలని పనులు ఉంటాయి. అసింక్రనస్ పద్ధతిని నెత్తిన పెట్టుకునేవాళ్లు ఈ హద్దును ఒప్పుకోవాలి.

ఇక ఆ పద్ధతినే ప్రాణంగా పెట్టుకున్న కంపెనీలు. వర్డ్‌ప్రెస్.కామ్ నడిపే ఆటోమాటిక్‌ను మాట్ మల్లెన్‌వెగ్ 2005లో పెట్టాడు. ఉద్యోగులు వస్తేగా అని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న ఆఫీసును 2017లో వదిలేశారు. పనంతా లోపలి బ్లాగుల్లో, అందరికీ కనపడేలా జరుగుతుంది. టుడూయిస్ట్ యాప్ తయారుచేసే డూయిస్ట్, అందరూ వాడే చాట్ యాప్‌లు క్షణక్షణం పిలుస్తూ మనసు చెదరగొడుతున్నాయని, నిదానంగా రాసుకునేందుకు ట్విస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగానే కట్టుకుంది. అందరికంటే దూరం వెళ్లింది గిట్‌ల్యాబ్. 2011లో ఉక్రెయిన్ ప్రోగ్రామర్ ఒకాయన మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, కంపెనీగా మారి 2021 అక్టోబరులో నాస్‌డాక్‌లో నమోదైంది. హెడ్డాఫీసు లేదు. సెలవు ఎలా తీసుకోవాలన్న దగ్గర నుంచి జీతం ఎలా లెక్కకడతారన్నదాకా ఉన్న హ్యాండ్‌బుక్ ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవొచ్చు. అచ్చువేస్తే వేల పేజీలు. మీటింగ్ పెట్టాలంటే ముందే అజెండా డాక్యుమెంటు ఉండాలి, రాలేనివాళ్లు తమ మాట అందులో రాసిపెట్టొచ్చు, రికార్డింగ్ తర్వాత చూసుకోవచ్చు. ప్రతి పనికీ తుది నిర్ణయం తీసుకునే ఒక్క మనిషి పేరు రాసి ఉంటుంది.

ఆ చివరి నియమమే కీలకం. ఒక మామూలు హ్యాండోవర్ తీసుకుందాం. ఉదయం తొమ్మిదికి గుంటూరు అమ్మాయి లాగిన్ అవగానే అమెరికా సహోద్యోగి పెట్టిన సందేశం: పేమెంట్ సర్వీస్ ఫెయిల్ అవుతోంది, కొంచెం చూడండి. అంతే. ఎప్పటి నుంచి, అన్ని చెల్లింపులా కొన్నా, ఇప్పటిదాకా ఏం చేసి చూశారు? అడగడానికి అతను నిద్రలో ఉన్నాడు. సాయంత్రం దాకా ఎదురుచూడాలి, ఆ తర్వాత కాల్. ఒక పగలు పోయింది, రాత్రి కూడా పోయింది.

అదే సందేశం ఇలా ఉంటే: నిన్న మధ్యాహ్నం నుంచి రీఫండ్‌లు మాత్రమే ఆగుతున్నాయి, కొత్త చెల్లింపులు బాగానే ఉన్నాయి. నిన్న పొద్దున పెట్టిన వెర్షన్ వెనక్కి తీశాను, తేడా లేదు. లాగ్ ఫైలు ఇక్కడ పెట్టాను. బ్యాంకు వైపు టైమౌట్ అని నా అనుమానం. మీరు టైమౌట్ పెంచి చూడండి, నన్ను అడగక్కర్లేదు. డేటాబేస్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

రాయడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఇందులో అన్నిటికంటే విలువైన మాట నన్ను అడగక్కర్లేదు అన్నది. మన దగ్గర పని ఆగేది ఎక్కువగా అనుమతి కోసం. ఆఫ్‌షోర్ టీమ్‌కు టికెట్లు ఇస్తారు, నిర్ణయాలు ఇవ్వరు. నిర్ణయం అమెరికాలోని ఆన్‌సైట్ టీమ్ దగ్గరే ఉన్నంతకాలం ఎన్ని టూల్స్ కొన్నా రాత్రి కాల్ కొనసాగుతుంది. ఇది టెక్నాలజీకి సంబంధించిన చిక్కు కానే కాదు, పెత్తనానికి సంబంధించింది.

రాత పద్ధతిలో మన పిల్లలకు మేలు ఉందా, నష్టం ఉందా? రెండూ ఉన్నాయి. నరసరావుపేటలోనో మార్కాపురంలోనో తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌కు వచ్చిన కుర్రాడు అమెరికా వాళ్ల కాల్‌లో నోరు విప్పడు. విషయం తెలియక కాదు, మాట తడబడుతుందని, యాస పట్టుబడుతుందని. అతను చెప్పాలనుకున్నది ఇంకొకరు చెప్పేసి పేరు కొట్టేస్తారు. రాతలో తొందర లేదు. రాసి, దిద్దుకుని, ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపొచ్చు. అక్కడ గొంతు కంటే ఆలోచన ముందు కనపడుతుంది. అలాగని రాయడం దానంతటది రాదు. గుంటూరు నుంచి విజయవాడ దాకా దారి పొడుగునా ఇంజినీరింగ్ కాలేజీలే. ఇంగ్లిష్ ల్యాబుల్లో నేర్పేది ఎక్కువగా ఇంటర్వ్యూలో మాట్లాడటం, గ్రూప్ డిస్కషన్‌లో గెలవడం. ఒక సమస్యను అది చూడనివాడికి అర్థమయ్యేలా ఒక పేజీలో రాయడం మీద అంత శ్రద్ధ పెడితే, అది నాలుగేళ్లలో నేర్పగల వాటిలో ఉద్యోగానికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే విద్య అవుతుంది.

తెలుగువాళ్లకు ఇది చేతకాదని అనుకోనక్కర్లేదు. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియా దాదాపు పూర్తిగా ఇలాగే పెరిగింది. అమెరికాలో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు, ఇంకెక్కడో మరొకరు ఎవరి తీరిక వేళకు వాళ్లు వచ్చి రాసి వెళ్లారు. ఒక పేజీలో ఏ మార్పు ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారో చరిత్రలో ఉంటుంది. అభిప్రాయ భేదం వస్తే చర్చాపేజీలో రాసుకుంటారు, మిగతావాళ్లు చూసేదాకా కొన్నాళ్లు ఆగుతారు. జీతం లేదు, మేనేజరు లేడు, స్టాండప్ లేదు. రాష్ట్రంలోని ఊరూరికీ పేజీ తయారైంది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి? 2021లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు తమ కంపెనీలోని 61,182 మంది అమెరికా ఉద్యోగుల 2020 తొలి ఆరు నెలల సమాచారం చూశారు. అందరూ ఇళ్లకు వెళ్లాక నేరుగా మాట్లాడుకోవడం తగ్గింది, ఈమెయిల్, మెసేజ్‌లు పెరిగాయి. అయితే ఎవరి బృందంలో వాళ్లు బిగుసుకుపోయారు, వేరే బృందాలతో సంబంధాలు పలచబడ్డాయి. ఇది మంచి వార్త కాదు. కాకపోతే అది కోవిడ్ తోసిన అసింక్రనస్, ఏర్పాటుతో వచ్చింది కాదు. ఉత్తర అమెరికా, యూరప్, మధ్యప్రాచ్యంలోని నగరాల్లో 31 లక్షల మంది మీటింగులు, ఈమెయిళ్లు పరిశీలించిన మరో అధ్యయనం 2020లోనే ఇంకో కోణం చూపించింది. లాక్‌డౌన్‌లో మీటింగుల సంఖ్య దాదాపు 13 శాతం పెరిగింది, ఒక్కో మీటింగ్ 20 శాతం పొట్టిదైంది, పని దినం సగటున 48 నిమిషాలకు పైగా సాగిపోయింది. ఆఫీసు గోడ పోతే ముందు పోయేది సాయంత్రమే.

మన సంగతికి దగ్గరగా వచ్చేది ప్రిత్వీరాజ్ చౌధురి, సహ పరిశోధకులు చేసిన పని. ఒక పెద్ద బహుళజాతి కంపెనీలో, కొన్ని దేశాలు ఏడాదికి రెండుసార్లు గడియారం ఒక గంట ముందుకో వెనక్కో జరుపుకునే అలవాటును ఆసరా చేసుకుని, ఆ ఒక్క గంట తేడా ఏం చేస్తుందో చూశారు. వేళల మధ్య దూరం పెరిగితే నేరుగా మాట్లాడుకోవడం తగ్గింది. మాట్లాడక తప్పనివాళ్లు తమ సొంత వేళల్లోకి పనిని జరుపుకున్నారు. అలా జరుపుకోగలిగినవాళ్లలో ఆడవాళ్లు తక్కువ. ఒంగోలులో స్టాండప్ ఆరున్నర నుంచి ఏడున్నరకు జరగడమంటే ఇదే. ఆ గంటలో పిల్లల హోంవర్క్ ఉంటుంది, వంట ఉంటుంది, మంచం మీద అత్తగారికి వేయాల్సిన మందులు ఉంటాయి. మగవాడైతే తలుపేసుకుని కూర్చుంటాడు. మహిళల కోసమే ఇంటి నుంచి పని అంటున్న ప్రభుత్వం ఈ ఒక్క పరిశోధనైనా ముందు పెట్టుకోవాలి.

ఈ పద్ధతికి వ్యతిరేకత కూడా బలంగానే ఉంది. రాతలో మనిషి కనపడడు కాబట్టి పని చేస్తున్నాడో లేదో అన్న అనుమానం మేనేజర్లను వదలదు. చాట్‌లో పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోందా లేదా అన్నదే హాజరు పట్టీ అయింది. 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు కదులుతున్నట్టు నటింపజేసినందుకు డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. చుక్కను కొలిస్తే చుక్కే దొరుకుతుంది, పని దొరకదు. టీసీఎస్ 2020లో, 2025 నాటికి నూటికి పాతిక మందే ఆఫీసుకు రావాల్సిన అవసరం ఉంటుందని చెప్పింది. 2023లో అందరినీ వారానికి ఐదు రోజులు రమ్మంది. అమెజాన్ 2025 జనవరి నుంచి అదే బాట పట్టింది.

ఆపద వేళ రాత పనికిరాదన్నది కూడా నిజం. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో పొద్దుపోయేదాకా పని చేస్తున్న ఇంజినీరు ఒకరు, ఒక సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లో ఫైళ్లు తుడిచేశాడు. తప్పు తెలిసి ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్ ఏర్పాట్లు ఒక్కొక్కటే చూసుకుంటే ఏదీ సవ్యంగా పనిచేయట్లేదు. చివరికి ఆరు గంటల డేటా పోయింది. ఆ రోజు ఎవరూ అజెండా డాక్యుమెంటు కోసం ఆగలేదు. అంతా ఒక్కసారే కూర్చున్నారు, యూట్యూబ్‌లో లైవ్ కూడా పెట్టారు. కానీ జరిగినదంతా ఎప్పటికప్పుడు ఒక డాక్యుమెంటులో రాస్తూ లోకానికి చూపించారు. ఆ ఇంజినీరు మీద నెపం వేయలేదు. మంటలు లేచిన రాత్రి కాల్ ఎత్తడం వేరు, ఏ మంటా లేని రాత్రి అలవాటుగా కాల్‌లో కూర్చోబెట్టడం వేరు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం కొత్తగా చేరినవాళ్ల గురించి. పక్క సీట్లో ఉన్న సీనియర్ కోడ్‌ను ఎలా చూస్తున్నాడు, ఏ తప్పుకు ముఖం ఎలా పెడుతున్నాడు అన్నది ఏ హ్యాండ్‌బుక్కూ నేర్పదు. ఒక పెద్ద అమెరికా కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పల్లైస్ చేసిన అధ్యయనం, ఒకే భవనంలో ఉన్నవాళ్లకు తమ కోడ్ మీద ఎక్కువ సలహాలు అందుతాయనీ, ఆ మేలు కొత్తవాళ్లకే ఎక్కువనీ తేల్చింది. ఆ సలహాలు ఇవ్వడంలో సీనియర్ల సొంత పని కొంత తగ్గుతుందని కూడా చెప్పింది. పూర్తి అసింక్రనస్ కంపెనీలు ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లనే తీసుకోవడానికి ఇదే కారణం అనిపిస్తుంది. గుంటూరు, ప్రకాశం కాలేజీల నుంచి ఏటా బయటికొచ్చే వేల మందికి అందులో చోటు దొరకడం కష్టం.

మండల కేంద్రాల్లో కట్టాలనుకుంటున్న ఐటీ పని స్థలాలకు నిజమైన ఉపయోగం ఇక్కడే ఉంది. వేర్వేరు కంపెనీలకు పనిచేసే సీనియర్లూ జూనియర్లూ ఒకే గదిలో పగటిపూట కూర్చుంటే, కంపెనీ ఇవ్వలేని పక్కసీటును ఊరు ఇస్తుంది. కొత్తవాళ్లకు మొదటి ఆరు నెలలు అమెరికా టీమ్‌తో రోజుకు ఓ గంట వేళ కలిసేలా చూసి, తర్వాత రాతకు వదిలేయొచ్చు. ప్రోత్సాహకాలు తీసుకునే కంపెనీలను సీట్లు ఎన్ని నింపారని అడుగుతారు. ఆ సీట్లలో ఎన్ని పగటి సీట్లు, ఇక్కడి ఉద్యోగి సొంతంగా తీసుకోగల నిర్ణయాలు ఏమిటి అని కూడా అడగొచ్చు. అడగకపోతే ఆ కేంద్రాలు రాత్రి పన్నెండు దాకా తెరిచి ఉంచాలి, అప్పుడు జనరేటరు కావాలి, కాపలా కావాలి, కాల్ ముగించుకున్న అమ్మాయి అద్దంకిలోనో మార్టూరులోనో ఆ వేళకు ఇంటికి చేరే బండి కావాలి. వీటికయ్యే ఖర్చు ఎవరిదన్నది విధాన పత్రంలో ముందే రాసి ఉండాలి.